బందరులో నాకు షుగర్ తగ్గిన రోజు

బందరు వెళ్ళొచ్చి నెల దాటింది. విజయవాడ నుంచి బందరు ఏమంత దూరమని దాని మీద యాత్ర రాస్తోంది ఈవిడ అని మీరు నవ్వుకోవచ్చు. మా చర్చిలో యెరూషలేము వెళ్ళొచ్చినవాళ్ళు గంటసేపు చెబుతారు, ఫోటోలు చూపిస్తారు, చిన్న సీసాలో యొర్దాను నది నీళ్ళు కూడా తెస్తారు. నేను తెచ్చుకుంది ఒక నల్లకళ్ళజోడు. అయినా రాస్తున్నాను. బందరు మీలో చాలామంది చూసే ఉంటారు గానీ, నేను వెళ్ళిన పనిమీద వెళ్ళినవాళ్ళు తక్కువ. వెళ్ళినా చెప్పరు.

నా పేరు సుగుణ. అరవై దాటాయి. కృష్ణలంకలో ఒక గది అద్దెకు తీసుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన పోతూపోతూ నాకు రెండు వదిలి వెళ్ళాడు. ఒకటి కుట్టుమిషను, రెండోది హెచ్‌ఐవి. మిషను మాత్రం మధ్యమధ్యలో ఆగిపోతుంటుంది.

తొంభైల్లో ఆయన పోయినప్పుడు నాకూ రక్తపరీక్ష చేసి, రెండేళ్ళో మూడేళ్ళో అన్నారు. ఆ మాట నమ్మి నేను చాలా పద్ధతిగా చావుకి సిద్ధపడ్డాను. మంచి చీరలు పంచేశాను. పన్ను పుచ్చితే పీకించుకున్నాను గానీ కట్టించుకోలేదు, పోయేదానికి పళ్ళెందుకని. కొన్నేళ్ళకి పెద్దాసుపత్రిలో మందులు ఊరికే ఇవ్వడం మొదలుపెట్టారు. నేను చావలేదు. చావుకి అన్నీ సర్దుకున్నదాన్ని, ముసలితనానికి ఏమీ సర్దుకోలేదు. మోకాళ్ళు పట్టేశాయి, జుట్టు తెల్లబడింది, చివరికి కుడికంట్లో శుక్లం వచ్చింది.

శుక్లం అని తెలిసిన రోజు నేను సంతోషించానంటే మీరు నమ్మరు. అది అందరికీ వచ్చే జబ్బు, మర్యాదగల జబ్బు. ఇంటావిడకి చెప్పాను, కూరగాయల బండివాడికి చెప్పాను, జాకెట్లు ఇవ్వడానికొచ్చిన ఆడవాళ్ళందరికీ చెప్పాను. అందరూ అయ్యో అన్నారు, తలా ఒక సలహా ఇచ్చారు. ఇన్నేళ్ళకి నలుగురిలో చెప్పుకోదగ్గ జబ్బు ఒకటి నాకు దొరికింది.

ఆ సంతోషం మా దగ్గర్లోని కళ్ళాసుపత్రి దాకానే. డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. దాచకూడదు కదా అని ఉన్నమాట చెప్పాను. కుర్చీ వెనక్కి జరిపాడు. "మా దగ్గర ఆ సౌకర్యం లేదండీ, ఎక్కడైనా పెద్ద ఊళ్ళో చూపించుకోండి" అన్నాడు. ఈ చుట్టుపక్కల విజయవాడ కంటే పెద్ద ఊరేదో నాకు తెలియదు. తలుపు దాకా వచ్చి, గొంతు తగ్గించి, "అయినా ఈ పరిస్థితిలో మీకు ఆపరేషన్ అంత అవసరమంటారా అమ్మా?" అని కూడా అడిగాడు. చంక దగ్గర కుట్టు కనబడకపోతే నాకు అన్నం ఉండదు. నేను పోవడం ఆలస్యమైనందుకు పాపం అతనే ఇబ్బంది పడుతున్నట్టు అనిపించింది.

పెద్దాసుపత్రి మందుల వరసలో నా వెనక నిలబడే ఒకావిడ, బందరులో ఒక డాక్టరమ్మ చేస్తుందని చెప్పింది. షరతు ఒకటే. తోడు మనిషి ఉండాలి. రెండు రోజులు దగ్గర ఉండాలి, సంతకం పెట్టాలి, చుక్కల మందు వెయ్యాలి. సొంతమనిషయి ఉండాలి.

నాకు మిగిలిన సొంతమనిషి మా చెల్లెలు కరుణ. గుడివాడలో ఉంటుంది. దానికి నా సంగతి తెలియదు. వెనకెప్పుడో నా మాత్రలు చూసి ఏమిటివని అడిగితే షుగర్ అన్నాను. తర్వాత దానికి నిజంగానే షుగర్ వచ్చింది. అప్పట్నుంచి మా ఇద్దరికీ చుట్టరికం కంటే షుగరే దగ్గరైంది. మెంతిపొడి కొట్టి పంపుతుంది. ఇంటికెళితే పరగడుపున కాకరకాయ రసం గ్లాసు చేతికిచ్చి, నేను తాగేదాకా ఎదురుగా నిలబడుతుంది. దాని ముందు నేను చక్కెర వేసిన టీ తాగి ఎన్నేళ్ళయిందో చెప్పలేను.

విజయవాడ బస్టాండు

సంక్రాంతి రద్దీ తగ్గాక బయల్దేరాను. ప్లాట్‌ఫారం మీద బోర్డులన్నీ నీళ్ళలో తడిసిన కాయితాల్లా కనబడుతున్నాయి. అడిగితే చదువు రాదనుకుంటారేమోనని రోషం. దర్జాగా ఒక బస్సెక్కి కూర్చున్నాను. పక్కనున్నాయన అవనిగడ్డలో ఎవరిల్లండీ అని అడిగాక తెలిసింది అది అవనిగడ్డ బస్సని. దిగబోతుంటే మెట్టు కూడా సరిగ్గా ఆనలేదు, ముందుకి తూలాను. కండక్టరు చెయ్యి పట్టుకుని దింపాడు. "చూసుకుని ఎక్కాలి మామ్మగారూ" అన్నాడు.

మామ్మగారు. నన్ను ఆ పిలుపు పిలిచిన మొదటి మనిషి అతనే. అంతకుముందు ఆంటీ దాకా వచ్చారు. బందరు బస్సులో కూర్చున్నాక కూడా ఆ మాటే తలుచుకున్నాను. ఆడవాళ్ళు విని బాధపడే మాట అది. నేను మాత్రం పరీక్ష పాసైనట్టు కూర్చున్నాను.

ఉయ్యూరు

చెరుకు బళ్ళు అడ్డం పడి ఉయ్యూరులో బస్సు చాలాసేపు ఆగింది. ఆ రోజుల్లో ఊరంతా బెల్లం పాకం మాడినట్టు ఒకటే వాసన. ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళో చెరుకురసం బాగుండదని విజయవాడలో అంటారు, మంచి గడలన్నీ లోపలికి పోతాయట. అబద్ధం. అయిదు రూపాయలకి పెద్ద గ్లాసు, అల్లం ముక్క, నిమ్మకాయ. కరుణ ఎక్కేది పామర్రులో కాబట్టి ఇక్కడ నన్ను అడిగేవాళ్ళు లేరు. రెండు గ్లాసులు తాగాను. నాకు ప్రయాణాలు ఇష్టం కావడానికి సగం కారణం అదే, తెలిసినవాళ్ళు ఉండరు.

పక్క సీటులో కంకిపాడులో ఎక్కిన ఒక పెద్దావిడ ఉంది. నల్లంచు జరీచీర, చేతిసంచీలో కోడిగుడ్లు. నా కంటివైపు తేరిపార చూసి పలకరించింది.

"శుక్లమా అమ్మా?"

"అవునండీ. బందరు వెళ్తున్నా, తీయించుకోడానికి."

"నాకు రెండూ తీశారు. ఏం కాదు, చీమ కుట్టినట్టుంటది. తలకి నీళ్ళు పోసుకోకు, వంకాయ తినకు. పిల్లలెంతమంది?"

"లేరండీ. ఆయనా పోయారు."

"మరెవరు చూస్తారు?"

"చెల్లెలుందండీ."

"చెల్లెలుంటే చాల్లే" అని ఆవిడ నా మోకాలు తట్టింది. తర్వాత మోకాళ్ళ మీదకి వెళ్ళాం. ఏ నూనె మంచిది, ఏ డాక్టరు దొంగ, చలికాలం మెట్లెలా దిగాలి. అంత హాయైన కబుర్లు నేను ఈ మధ్య ఎవరితోనూ చెప్పుకోలేదు. మందుల వరసలో మేము ఇలా మాట్లాడుకోం. అక్కడ తలలు దించుకుని నిలబడతాం.

పామర్రు

కరుణ ఎక్కింది. ఒక చేతిలో క్యారేజీ, ఒక చేతిలో ఫ్లాస్కు, భుజాన సంచీ, సంచీలో బైబిలు, దుప్పటి. బస్సులో సగంమందిని జరిపించి నా పక్కన కూర్చుంది. నాకంటే నాలుగేళ్ళు చిన్న, కానీ నోటికి మాత్రం నాకే అక్క.

"విజయవాడలో వీధికో ఆసుపత్రి పెట్టుకుని బందరేంటక్కా? ఎవరన్నా వింటే నవ్వుతారు."

"ఇక్కడ డాక్టరమ్మ చెయ్యి మంచిదంటే."

"చెయ్యి మంచిదో, ఫీజు మంచిదో" అంది. పిసినారినని దాని అనుమానం. ఆ అనుమానం నాకు చాలా ఉపయోగపడింది. "షుగర్ చూపించుకున్నావా? షుగరుంటే కన్ను ముట్టుకోరు. నన్ను మూడుసార్లు వెనక్కి పంపారు. నేనున్నాగా, నర్సుతో నేను మాట్లాడతాలే."

నిడుమోలు దాటేదాకా నర్సుతో ఎలా మాట్లాడాలో చెబుతూనే ఉంది. కిటికీలోంచి మినపచేలు ఆకుపచ్చగా మాత్రమే కనబడ్డాయి. క్యారేజీ మూత తీసి ఇడ్లీ తుంచి నా నోట్లో పెట్టింది, కళ్ళు కనబడనిదానికి బస్సులో చేతులెందుకు ఖరాబు అని. ఒకే గ్లాసులో ఇద్దరం నీళ్ళు తాగాం.

బందరు

విజయవాడలో రిక్షా ఎక్కితే ఎక్కడికి అని అడుగుతారు. బందరులో ఎవరి తాలూకు అని అడుగుతారు. మా రిక్షాతను అది తేలేదాకా తొక్కలేదు. కరుణ మా నాన్నగారి ఊరు, ఉద్యోగం చెప్పాక తృప్తిగా కదిలాడు. గాలి ఉప్పగా ఉంది. దోమలు మాత్రం మా కృష్ణలంక దోమల కంటే నెమ్మది, కుట్టేముందు ఆలోచిస్తాయి.

డాక్టరమ్మ నా ఈడుదే. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పాను. ఆవిడ కుర్చీ కదలలేదు.

"మందులు మానకుండా వేసుకుంటున్నారా?"

"ఒక్కపూట కూడా మానలేదండీ."

"మంచిది. రేపు అందరి తర్వాత మీకు చేస్తాను. భయపడకండి."

"మా చెల్లెలికి తెలియదండీ."

"నేను చెప్పను. చెప్పడం చెప్పకపోవడం మీ ఇష్టం" అంది.

అక్కడితో గండం గడిచిందనుకున్నాను. కానీ బయట కరుణ నర్సుతో అప్పటికే మాట్లాడేసింది. మా అక్కది ఎన్నో ఏళ్ళ షుగరు, పరీక్ష చెయ్యకుండా కన్ను ముట్టుకుంటే ఊరుకోను అని. ఎలాగూ అందరికీ చేసే పరీక్షే. చేశారు. మధ్యాహ్నానికి రిజల్టు వచ్చింది. నర్సు విసుగ్గా, "మీ అక్కగారికి షుగర్ లేదమ్మా. అసలు లేదు" అంది.

 కరుణ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "స్తోత్రం ప్రభువా" అని అక్కడే వరండాలో మోకరించింది. రోజూ పొద్దున్నే నా కోసం ప్రార్థన చేసేదట. నా షుగరు తగ్గించమని, తనదైనా ఉంచి నాది తియ్యమని. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఏం చెయ్యను? లేని జబ్బు తగ్గిపోయింది. ఉన్నది అలాగే ఉంది.

వార్డులో ఎనిమిది మంచాలు. కరుణ ప్రతి మంచం దగ్గరా ఆగి సాక్ష్యం చెప్పింది. కాకరకాయ రసం గురించి కూడా చెప్పింది గానీ, మహిమంతా ప్రభువుకే ఇచ్చింది. వచ్చే ఆదివారం గుడివాడ చర్చిలో నేను కూడా నిలబడి చెప్పాలంది. ఆ తర్వాత బజారుకి పరుగెత్తి పావుకిలో బందరు హల్వా తెచ్చింది. నెయ్యి కారుతోంది.

"ఇన్నేళ్ళు నోరు కట్టుకున్నావు, తిను" అని ముక్క తుంచి నా నోట్లో పెట్టింది. తనకి లేదు, తన షుగరు నిజం. నేను నములుతుంటే చంటిపిల్ల తల్లిలా చూసింది. ఎలా ఉంది, ఎలా ఉంది అని అడిగింది. నేను మూడు ముక్కలు తిన్నాను. అంత తీపి నేను ఎన్నడూ ఎరగను, గొంతులో అంత కష్టంగా దిగిన తీపీ ఎరగను.

పక్క మంచం

సాయంత్రం లెన్సు కొలత కోసమని తీసుకెళ్ళి కంట్లో చుక్కలు వేశారు. తిరిగొచ్చేసరికి ఆ కంటికి ప్రపంచమంతా కరిగిపోయింది. మంచం దగ్గర సంచీ తడిమాను. నా మాత్రల డబ్బా లేదు. పెద్దాసుపత్రి నుంచి తెచ్చుకోగానే డబ్బా మీద కాయితం చింపేయడం ఆ వరసలో నిలబడేవాళ్ళందరికీ అలవాటు. ఉత్త తెల్ల డబ్బా.

"కరుణా, నా డబ్బా ఏదే?"

"నీకింకెందుకక్కా అవి? నాగరత్నం గారికి షుగర్ మాత్రలైపోయాయంట. ఆవిడకిచ్చాను, అక్కరకొస్తాయని."

నాగరత్నం పక్క మంచం మనిషి. గిలకలదిండిలో ఎండుచేపలు అమ్ముతుంది. నేను అటు తిరిగాను. ఆవిడ అరచేతిలో తెల్లగా చుక్కలా ఏదో ఉంది, రెండో చేతిలో గ్లాసు.

"వేసుకోకండి" అన్నాను. గొంతు వార్డంతా వినబడింది.

"ఏం తల్లీ, పవర్ ఎక్కువా?"

"అవి షుగర్ మాత్రలు కావు."

"మరేంటక్కా?" అంది కరుణ.

బీపీవి అనొచ్చు. ఇన్నేళ్ళు అబద్ధమాడిన నోటికి ఇంకొకటి బరువా? కానీ ఆ వార్డులో బీపీ ఉన్నవాళ్ళు నలుగురున్నారు. బీపీ అంటే మా చెల్లెలు వాళ్ళకి పంచుతుంది. గుండెవి అంటే గుండె జబ్బువాళ్ళని వెతుకుతుంది. దాని మంచితనానికి అడ్డు కట్టే అబద్ధం నా దగ్గర లేకపోయింది.

"హెచ్‌ఐవి మందులు. నావి. ఇటివ్వండి."

నాగరత్నం మాత్ర డబ్బాలో వేసి, డబ్బా నా మంచం చివర పెట్టింది. "అయితే నాకు రాత్రికి మాత్ర ఎట్టా?" అంది నర్సుతో. ఆవిడ బాధ ఆవిడది. తర్వాత కుళాయి దగ్గరికెళ్ళి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. నాకు కోపం రాలేదు. పరాయి మనిషి, ఏం తెలుసని.

కరుణ కూడా లేచి వెళ్ళింది. అదీ చెయ్యి కడుక్కుంది. నాకు హల్వా పెట్టిన చెయ్యి. చాలాసేపు కడుక్కుంది. నాకు కన్ను కనబడకపోయినా నీళ్ళ చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడుకి నాకు అప్పుడు వచ్చింది ఏడుపు.

ఆపరేషన్

పొద్దున్నే చూస్తే మంచం కింద దాని సంచీ లేదు. వెళ్ళిపోయిందనుకున్నాను. సంతకం లేకపోతే ఆపరేషన్ లేదు. నర్సు వచ్చి, మీ చెల్లెలు బయట ఉందండీ, సంతకం పెట్టేసింది అంది. వరండా బల్ల మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. ఆ రెండు రోజులూ అది అక్కడే ఉంది. టిఫిన్ ఆకులో కట్టించి తెచ్చి నర్సు చేత పంపింది. నీళ్ళకి వాడి పారేసే గ్లాసు. చుక్కల మందు కూడా నర్సే వేసింది. కరుణ గుమ్మం దాకా వచ్చి, "ఎలా ఉంది?" అని అడిగి వెళ్ళేది. తోడు వచ్చినవాళ్ళు చెయ్యాల్సిన పనంతా జరిగేలా చూసింది. ఎవరూ తప్పు పట్టడానికి లేదు.

చీమ కుట్టినట్టే ఉంది. బస్సులో పెద్దావిడ అబద్ధం చెప్పలేదు.

కట్టు విప్పాక ముందు నా చేతులు చూసుకున్నాను. నరాలు, మచ్చలు, ముడతలు. ముసలావిడ చేతులు. ఇంత ముసలిదాన్నయ్యానని మసకలో నాకు తెలియలేదు. ఈ ముసలితనం నాకెవరూ ఇవ్వలేదు, రాదని చెప్పినవాళ్ళే అందరూ. దాన్ని చూసి నాకు గర్వం కలిగింది. ఆ మాట చెబుదామని తల ఎత్తాను. మంచం పక్కన డాక్టరమ్మ తప్ప ఎవరూ లేరు.

"ఎడమ కంట్లో కూడా మొదలైంది. వేసవి పోయాక రండి" అని ఆవిడ గుమ్మం వైపు చూసి, "చెల్లెలు గారూ, మళ్ళీ మీరే తీసుకురావాలి" అంది. కరుణ తల ఊపింది.

మళ్ళీ పామర్రు

బస్సులో నా ముందు సీటులో కూర్చుంది, గాలి కావాలని. నేను కిటికీలోంచి చూశాను. మినపచేలల్లో పూత కూడా కనబడింది, పసుప్పచ్చగా. ఇలాంటివి చూపించడానికి పక్కన ఒకరు ఉండాలి.

పామర్రులో అది గుడివాడ బస్సు ఎక్కాలి, నేను అలాగే విజయవాడ వెళ్ళిపోవాలి. అయినా దిగాను. ఇద్దరం చెట్టు నీడలో నిలబడ్డాం. అది నా మొహంలోకి చూడకుండా అడిగింది.

"అక్కా, ఒకమాట అడుగుతా, ఏమనుకోకు. మా పాపకి గౌన్లు కుట్టావే, ఎప్పుడన్నా నీకు సూది గుచ్చుకుందా?"

కరుణ మనవరాలికి పుట్టినప్పట్నుంచీ ప్రతి క్రిస్మస్‌కీ నేనే కుట్టాను. లేసు పెట్టి, కుచ్చులు పెట్టి, కనబడని కంటితో.

"అలా అంటుకోదే. గుచ్చుకున్నా, గుడ్డ మీద ఆరిపోయిన రక్తంతో ఏమీ కాదు. డాక్టరమ్మని అడగాల్సింది."

"నాకేం తెలుసక్కా. అల్లుడుగారు అడిగితే చెప్పాలి కదా. గుచ్చుకుందా?"

కుట్టేవాళ్ళకి సూది గుచ్చుకోకుండా ఉంటుందా? దాని మొహం నాకు ఇప్పుడు బాగా కనబడుతోంది. చెడ్డ మొహం కాదు. భయపడిన మొహం.

"లేదు" అన్నాను. "ఎప్పుడూ లేదు."

"స్తోత్రం" అంది. బస్సు వచ్చింది. "కన్ను జాగ్రత్త. తలకి నీళ్ళు పోసుకోకు" అంది. ఇంటికి రమ్మని అనలేదు. మేము అక్కాచెల్లెళ్ళం విడిపోయేటప్పుడు ఇంటికి రా అనకుండా అది బస్సెక్కిన రోజు నాకు గుర్తులేదు.

ఇంటి దగ్గర

కన్ను బాగుంది. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కుతోంది, జాకెట్లు టైముకి ఇస్తున్నాను. కరుణకి రెండుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి అల్లుడు ఎత్తి, అత్తయ్యగారు ప్రార్థనలో ఉన్నారండీ అన్నాడు. రెండోసారి ఎవరూ ఎత్తలేదు. కోపగించుకుందామని చాలా ప్రయత్నించాను. పడక మీద పడుకుంటే ఆ నీళ్ళ చప్పుడు వినబడుతుంది, తర్వాత వెంటనే అది వరండాలో మోకరించడం గుర్తొస్తుంది. కోపం సగంలో ఆగిపోతుంది. ఎడమ కన్ను మసకేస్తోంది.

మీలో ఎవరైనా నా పనిమీదే బందరు వెళ్ళాల్సివస్తే ఉన్నమాట చెబుతాను. ఆసుపత్రి శుభ్రం, డాక్టరమ్మ దొడ్డమనిషి, ఏ నొప్పీ ఉండదు. తోడు మనిషి లేకుండా చెయ్యరు. కానీ ఈ లోకంలో మీకు మిగిలింది ఒక్క మనిషే అయితే, ఆ మనిషిని మాత్రం వెంట తీసుకెళ్ళకండి.